నెలనెలా వచ్చే నొప్పి: ఒక ఇంజనీరుకు అర్థమైనంత

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆబిడ్స్ జీపీఓ దగ్గర బస్సు కోసం పడ్డ పాట్లు, ఆదివారం ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు, మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం, నాంపల్లి స్టేషన్‌లో దిగి పరుగెత్తుకుంటూ ప్రార్థనకు వచ్చిన రోజులు, అన్నీ చెప్పేశారు. నాకు జ్ఞాపకాలేమీ మిగల్చలేదు. అందుకే నేను వేరే విషయం ఎంచుకున్నాను. దాని పేరు ఎండోమెట్రియోసిస్. ఆడవాళ్ల జబ్బు. మాట్లాడుతున్నవాడు మగవాడు, పైగా డాక్టరు కాదు. ముప్పై ఏళ్లుగా మురుగునీటి పైపులు, నాలాలు, మ్యాన్‌హోళ్ల డిజైన్లు వేసుకుంటున్న సివిల్ ఇంజనీరు. "నీకెందుకయ్యా ఈ గొడవ?" అని మీకు అనిపించడం సహజం. రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి ఇప్పుడే చెబుతాను. రెండోది మా ఇంటి సంగతి, కాస్త ఆగి చెబుతాను.

మొదటి కారణం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో, అమ్మాయిల్లో సుమారు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంది. అంటే ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మంది. పదిమందిలో ఒకరు! మనది అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదువుకున్న బడి. నలభైమంది అమ్మాయిలున్న ఏ బ్యాచ్ ఫొటో తీసినా అందులో ముగ్గురో నలుగురో ఉంటారన్నమాట. షుగరు గురించి, బీపీ గురించి మన వాట్సాప్ గ్రూపులో రోజుకు నాలుగు మెసేజీలు వస్తాయి. దీని గురించి ఈ పదేళ్లలో ఒక్కటీ రాలేదు.

జబ్బు ఏమిటో ముందు చెప్పుకుందాం. గర్భాశయం లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా అది మందమవుతుంది, గర్భం రాకపోతే ఊడి రక్తంతో బయటికి పోతుంది. అదే నెలసరి. ఎండోమెట్రియోసిస్‌లో ఆ పొరలాంటి కణజాలం గర్భాశయం బయట, అండాశయాల మీద, పొత్తికడుపు గోడ మీద, ఒక్కోసారి పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుతుంది. అది కూడా హార్మోన్ల మాట వింటుంది, అది కూడా నెలనెలా వాచి రక్తం కారుస్తుంది. గర్భాశయంలోని రక్తానికి బయటికి దారి ఉంది. దీనికి లేదు. అక్కడే నిలుస్తుంది, చుట్టూ మంట, వాపు, మచ్చ కడతాయి. అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చేరి గోధుమరంగు ద్రవంతో గడ్డ కడితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు. కానీ నొప్పి మాత్రం మనిషిని పడగొట్టేది. పిల్లలు కలగడానికి కూడా అడ్డు కావచ్చు.

ఆ పొర బయటికి ఎలా వెళ్లింది? నా వృత్తికి పనికొచ్చే ప్రశ్న ఇదే. అమెరికాలోని ఆల్బనీలో పనిచేసిన జాన్ శాంప్సన్ అనే వైద్యుడు 1920లలో దీనికి ఒక సమాధానం ఇచ్చాడు. నెలసరి రక్తం అంతా కిందికే పోదు, కొంత అండవాహికల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి పోతుంది, దానితోపాటు వెళ్లిన కణాలు అక్కడ నాటుకుంటాయి అన్నాడు. మా భాషలో బ్యాక్‌ఫ్లో. పెద్ద వానొచ్చినప్పుడు రోడ్డు మీది నీళ్లు నాలాలోకి పోవాల్సింది పోయి నాలా నీళ్లే మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని రోడ్డు మీదికి వస్తాయి చూడండి, అది. 1927లో ఆయన దీన్ని వివరంగా రాశాడు. ఈనాటికీ ఎక్కువమంది ఒప్పుకునే సిద్ధాంతం అదే.

అయితే ఇంజనీరుకు ఇక్కడ ఒక చిక్కు కనబడుతుంది. 1984లో వచ్చిన ఒక అధ్యయనంలో నెలసరి రోజుల్లో ఆడవాళ్ల పొత్తికడుపు ద్రవాన్ని పరీక్షించారు. అండవాహికలు తెరిచి ఉన్నవాళ్లలో 90 శాతం మందిలో అక్కడ రక్తం కనబడింది. అంటే బ్యాక్‌ఫ్లో అందరికీ అవుతోంది, జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది. పది ఇళ్లకు మురుగు ఎదురుతన్నితే తొమ్మిది ఇళ్లు తెల్లారేసరికి శుభ్రంగా ఉండి, పదో ఇల్లే కంపు కొడుతోందంటే, పైపును మాత్రమే చూస్తే సరిపోదు. ఊడ్చేవాళ్ల సంగతి చూడాలి.

మన ఒంట్లో ఊడ్చేవాళ్లెవరు? రోగనిరోధక వ్యవస్థ. ఇమ్యూనిటీ అంటే సరిహద్దులో తుపాకీ పట్టుకున్న సైనికుడని చిన్నప్పుడు పాఠంలో చదివాం. అది సగమే నిజం. దాని పనిలో పెద్ద భాగం పారిశుద్ధ్యం. చచ్చిన కణాలు, ఉండకూడని చోట ఉన్న కణాలు, చెత్తాచెదారం ఏరిపారేయడం. 1908 సెప్టెంబరులో మూసీ వరద మన ఊరిని ముంచిన సంగతి మీకందరికీ తెలుసు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఊరికి వరద రక్షణ, మురుగునీటి పథకాలు వేయించారు. సరిగ్గా ఆ 1908లోనే మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతి ఇచ్చారు. చెత్తను మింగి అరిగించుకునే భక్షక కణాలు మన ఒంట్లో ఉన్నాయని కనిపెట్టినందుకు. ఆ కణాల్లో పెద్దవాటినే మాక్రోఫేజ్‌లు అంటారు. వీటికి తోడు నేచురల్ కిల్లర్ కణాలని ఇంకో దళం ఉంది. దారి తప్పిన కణాన్ని గుర్తుపట్టి అక్కడికక్కడే చంపడం వాటి పని.

ఎండోమెట్రియోసిస్‌లో ఈ రెండు దళాలూ గాడి తప్పినట్టు కనబడుతుంది. 1991లో బెల్జియం పరిశోధకులు ఈ జబ్బున్న స్త్రీలలో నేచురల్ కిల్లర్ కణాల చంపే శక్తి తగ్గినట్టు చూపించారు. ఆ తర్వాత చాలాచోట్ల అదే తేలింది. మాక్రోఫేజ్‌ల కథ ఇంకా విచిత్రం. వాటికి కొరతేమీ లేదు. ఈ జబ్బున్నవాళ్ల పొత్తికడుపు ద్రవంలో అవి మామూలు కంటే ఎక్కువే ఉంటాయి. పనివాళ్లు వచ్చారు, పని మాత్రం జరగడం లేదు. అంతటితో ఆగినా బాగుండేది.

ఇది అర్థం కావడానికి మన నుమాయిష్‌కు పోదాం. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఏటా జనవరి 1 నుంచి 46 రోజులు నడవడం ఆనవాయితీ. ఫిబ్రవరి మధ్యలో దుకాణాలు విప్పేస్తారు, మైదానం ఊడ్చేస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు ఉండదు. ఇప్పుడు ఒక మాట ఊహించండి. ఊడ్వడానికి వచ్చినవాళ్లు చీపుర్లు పక్కన పడేసి, విప్పేయాల్సిన దుకాణాలకు ఇటుకలు మోసి, సిమెంటు పూసి, నీటి కనెక్షన్ ఇచ్చి, కరెంటు లైను లాగితే? అవి తాత్కాలిక దుకాణాలుగా ఉండవు, బస్తీ అవుతుంది. పొత్తికడుపులో జరిగేది ఇదే. మాక్రోఫేజ్‌లు ఆ కణాలను మింగకుండా వాటి దగ్గర చేరి పెరుగుదల రసాయనాలు విడుదల చేస్తాయి. వీఈజీఎఫ్ అనే పదార్థం కొత్త రక్తనాళాలు మొలిపిస్తుంది, అది నీటి కనెక్షన్. ఐజీఎఫ్-1 అనే ఇంకొకటి నరాలను అటువైపు పెరిగేలా చేస్తుందని 2019లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపారు, అది కరెంటు లైను. ఆ కరెంటు పేరే నొప్పి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి సందేశ రసాయనాలు వాపును, మంటను ఎగదోస్తాయి. చివరికి మచ్చ కణజాలం వస్తుంది, అది సిమెంటు.

దీనికి తోడు ఒక వలయం. బడి వార్షికోత్సవంలో మైకు ముందు స్పీకరు పెడితే కుయ్యిమని ఎలా అరిచేదో గుర్తుందా? స్పీకరు చప్పుడు మైకులోకి, మైకు చప్పుడు స్పీకరులోకి. ఇక్కడా అంతే. వాపులో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఆ కణజాలంలోనే ఈస్ట్రోజెన్ తయారీని పెంచుతుంది. ఈస్ట్రోజెన్ మళ్లీ ప్రోస్టాగ్లాండిన్‌ను పెంచుతుంది. మామూలుగా ఈస్ట్రోజెన్‌కు పగ్గం వేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మాటను ఆ కణజాలం సరిగా వినదు. కుయ్యిమనే శబ్దం ఆగదు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపడమే ఇప్పుడున్న మందుల పని. మామూలు నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ దగ్గర తెంపుతాయి. హార్మోన్ మాత్రలు ఈస్ట్రోజెన్ దగ్గర తెంపుతాయి.

మీలో సైన్సు మాస్టార్లు ఉన్నారు, ఈపాటికి అడగాలనుకుంటూ ఉంటారు: "ఊడ్చేవాళ్లు చెడిపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చాక వాళ్లు చెడిపోయారా?" సరైన ప్రశ్న. శాస్త్రవేత్తలు ఇంకా దీని మీదే వాదించుకుంటున్నారు. రెండూ కొంత కొంత నిజమనే ఆధారాలు ఉన్నాయి. 2021లో బ్రిటన్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో మాక్రోఫేజ్‌లలో రెండు ముఠాలు కనబడ్డాయి. గర్భాశయపు పొరతో పాటే వచ్చినవి బస్తీ కట్టడానికి సాయపడుతున్నాయి. రక్తంలోంచి పొత్తికడుపులోకి కొత్తగా వచ్చి చేరినవి దాన్ని అడ్డుకుంటున్నాయి. 2023లో జపాన్‌లోని నగోయా పరిశోధకులు మరో కోణం చూపించారు. జబ్బున్న స్త్రీలలో 64 శాతం మంది గర్భాశయపు పొరలో ఫ్యూసోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి దొరికింది, జబ్బు లేనివాళ్లలో పది శాతం లోపే. దాన్ని యాంటీబయాటిక్‌తో చంపితే ఎలుకల్లో జబ్బు తగ్గింది. ఎలుకల్లో తగ్గింది కదా అని రేపు ఎవరూ మందుల షాపుకు పోయి యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. మనుషుల్లో అది ఇంకా రుజువు కావాల్సిన మాట.

వంశపారంపర్యం కూడా ఉంది. కవలల మీద చేసిన అధ్యయనాలను బట్టి ఈ జబ్బు వచ్చే అవకాశంలో దాదాపు సగం పుట్టుకతో వచ్చిందే. ఈ విషయంలో మన ఊరి పేరు కూడా ప్రపంచ పత్రికల్లో ఉందని చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. హబ్సిగూడ దారిలో సీసీఎంబీ ముందు నుంచి మనం ఎన్నిసార్లు పోయి ఉంటాం! అక్కడి శాస్త్రవేత్తలు సికింద్రాబాద్‌లోని సంతాన సాఫల్య వైద్యులతో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి దక్షిణ భారత స్త్రీల జన్యువులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. జబ్బున్నవాళ్లు రెండు వందల పైచిలుకు, లేనివాళ్లు రెండు వందల పైచిలుకు. నేను నీటి కనెక్షన్ అన్నానే, ఆ వీఈజీఎఫ్ జన్యువులోని ఒక చిన్న తేడాకూ జబ్బుకూ సంబంధం కనబడింది. ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువులో వాళ్లు చూసిన తేడాకు మాత్రం సంబంధం లేదని తేలింది. లేదని తేలినదాన్ని కూడా దాచకుండా ప్రకటించారు చూడండి, నాకు అది నచ్చింది. మా వృత్తిలో మట్టి పరీక్ష చేసి "ఇక్కడ రాయి లేదు" అని రాయడం, "ఉంది" అని రాయడమంత ముఖ్యం.

ఆ తర్వాత లెక్కలు పెద్దవయ్యాయి. 2023లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో జబ్బున్న 60 వేల మంది, లేని 7 లక్షల మంది జన్యువులు పోల్చి, 42 చోట్ల తేడాలు గుర్తించారు. మైగ్రేన్ తలనొప్పి, నడుం నొప్పి వంటి వాటితో ఈ జబ్బుకు జన్యువుల్లోనే చుట్టరికం ఉందని కూడా అందులోనే తేలింది. "కడుపు నొప్పంటుంది, తలనొప్పంటుంది, నడుం నొప్పంటుంది, ఏదో ఒక వంక" అని మనం విసుక్కున్న మనిషికి నిజంగానే ఆ మూడూ ఉండి ఉండవచ్చు. 2025లో బ్రిటన్‌లోని ఆరోగ్య వివరాల ఆధారంగా ఇంకో సంగతి బయటపడింది. ఈ జబ్బున్నవాళ్లకు కీళ్లవాతం, సోరియాసిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, గోధుమ పడని సీలియాక్ వంటి రోగనిరోధక వ్యవస్థ జబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 30 నుంచి 80 శాతం ఎక్కువ. ఆ మాట విని భయపడకండి. వందలో ఒకరికి వచ్చేది ఒకటిన్నర మందికి వచ్చినా యాభై శాతం ఎక్కువ అనే అంటారు. ఈ జబ్బున్న మనిషికి కీళ్లు పట్టేస్తుంటే మాత్రం వయసు మీద తోసేయకుండా చూపించుకోవాలి. అంతవరకే దాని అర్థం.

మరి అది రోగనిరోధక వ్యవస్థ జబ్బయితే, దాన్ని అణిచే మందు ఇస్తే పోతుంది కదా? మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ కీళ్లవాతానికి వాడుతున్నారు. అలాంటిది ఇక్కడ ఎందుకు ఇవ్వరు? కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మరో మందును, టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను పట్టి బంధించేదాన్ని, ఈ జబ్బు మీద ప్రయోగించి చూశారు కూడా. 2008లో ఆ ఫలితం వచ్చింది. నొప్పి తగ్గలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇక్కడ ఊడ్చేవాళ్లలో ఒక దళం బద్ధకిస్తోంది, ఇంకో దళం అతి చేస్తోంది. అందరినీ కలిపి అణిస్తే కాస్తో కూస్తో ఊడుస్తున్నవాళ్లూ ఆగిపోతారు.

ఇదే లెక్కన ఇంకో మాట కూడా తప్పే. ఈమధ్య ప్రతి వీధిలో "ఇమ్యూనిటీ బూస్టర్" పొడులు, కషాయాలు అమ్ముతున్నారు. ఎండోమెట్రియోసిస్ పోతుందని డబ్బా మీద రాసి మరీ అమ్మేవాళ్లు ఉన్నారు. ఇమ్యూనిటీ అంటే ట్యాంకులో నీటి మట్టం కాదు, మోటారు వేసి పెంచడానికి. అందులో వంద రకాల పనివాళ్లు ఉన్నారు, వంద రకాల ఆజ్ఞలు ఉన్నాయి. ఎవరిని పెంచుతారు? బస్తీ కట్టేవాళ్లను కూడానా? వేలకు వేలు పోసి ఆ డబ్బాలు కొనేవాళ్లను చూస్తే నాకు బాధ. డబ్బు పోతే పోయింది, దానితో పాటు రెండేళ్లో మూడేళ్లో కాలం పోతుంది. ఈ జబ్బులో కాలమే అన్నిటికంటే విలువైనది.

ఇక రెండో కారణం చెబుతాను. మా చెల్లెలు ఇదే బడిలో నాకు మూడు తరగతులు కింద చదివింది. ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

1986లో తొమ్మిదో తరగతిలో ఆమెకు మొదలైంది. నెలకు రెండు రోజులు మంచం దిగలేకపోయేది. వాంతులు, చెమటలు. అటెండెన్స్ రిజిస్టరు తిరగేస్తే ప్రతి నెలా అవే రెండు మూడు గైర్హాజరులు కనబడి ఉండేవి, కానీ అప్పట్లో అలా తిరగేసి చూడాలని ఎవరికి తెలుసు? ఒకరోజు క్లాసులోనే నొప్పి వస్తే మన తెలుగు టీచరుగారు ఆమెను లైబ్రరీ బల్ల మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, వేడి వేడి టీ తెప్పించి, బెల్లు కొట్టేదాకా పక్కనే కూర్చున్నారట. ఏమీ అడగలేదట. "ఆ ఒక్క గంటా నన్నెవరూ నటిస్తోందని అనుకోలేదు" అంటుంది మా చెల్లెలు, ఇన్నేళ్ల తర్వాత కూడా.

మా అమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. వాము నీళ్లు, వేడి కాపడం, ఆముదం పట్టు. చూపించిన డాక్టరుగారు "ఈ వయసులో మామూలే, పెళ్లయితే తగ్గిపోతుంది" అన్నారు. పెళ్లయింది, తగ్గలేదు. "పిల్లలు పుడితే తగ్గుతుంది" అన్నారు. పిల్లలు పుట్టలేదు. స్కానింగ్ రెండుసార్లు తీశారు, నార్మల్ అని వచ్చింది. నార్మల్ అన్న కాగితం ఇంటికి వచ్చిన తర్వాత ఆమె నొప్పి గురించి మాట్లాడడమే మానేసింది. కాగితం ఒక మాట చెబుతూ ఉంటే మనిషి మాట ఎవరు నమ్ముతారు? 2003లో, ఆమెకు 31 ఏళ్లప్పుడు, సంతానం కోసం వెళ్లిన చోట ల్యాప్రోస్కోపీ చేశారు. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్, పేగు గర్భాశయానికి అతుక్కుని ఉంది. మొదటి నొప్పికీ జబ్బు పేరుకూ మధ్య 17 ఏళ్లు.

ఆ సర్జరీ తర్వాత నొప్పి చాలావరకు తగ్గింది. పిల్లలు మాత్రం కలగలేదు. ఆమె ఉద్యోగం చేసుకుంది, పైకి వచ్చింది, మీలో చాలామందికంటే బాగా నవ్వుతుంది. ఆ రోజు పేరు తెలిసినప్పుడు ఏమనిపించిందని ఒకసారి అడిగాను. "జబ్బు ఉందని బాధ పడలేదన్నయ్యా. నాకు పిచ్చి లేదని తేలినందుకు ఏడ్చాను" అంది.

ఇది ఒక్క మా ఇంటి కథ అయితే ఈ సభలో చెప్పేవాణ్ణి కాదు. వివిధ దేశాల్లో చేసిన అధ్యయనాలు చూస్తే, మొదటి నొప్పి నుంచి జబ్బు పేరు తెలిసేదాకా పట్టే కాలం నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల వరకు ఉంది. అంటే తొమ్మిదో తరగతిలో మొదలైతే డిగ్రీ, పెళ్లి, ఉద్యోగం అన్నీ ఆ పేరులేని నొప్పితోనే. ఊడ్చేవాళ్లు దారి తప్పడం మొదలైన తొలి రోజుల్లో బస్తీ చిన్నది. పదేళ్లకు అది సిమెంటు కట్టడం.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి మన చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మొదటిది, మామూలు నొప్పికీ ఈ నొప్పికీ తేడా తెలుసుకోవడం. నెలసరిలో కాస్త నొప్పి చాలామందికి ఉంటుంది, మాత్ర వేసుకుంటే, కాపడం పెడితే సర్దుకుంటుంది. బడి, కాలేజీ, ఆఫీసు మానేయాల్సి వచ్చే నొప్పి, మాత్రకు లొంగని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి, ఆ రోజుల్లో మల మూత్రాలకు వెళ్లినప్పుడు వచ్చే నొప్పి, దాంపత్యంలో నొప్పి, ఇవి మామూలు కాదు. వీటిలో ఏది ఉన్నా గైనకాలజిస్టుకు చూపించి, "ఎండోమెట్రియోసిస్ కావచ్చా?" అని నోరు తెరిచి అడగాలి. పేరు మనం ఎత్తితే డాక్టరు తప్పక ఆలోచిస్తారు.

రెండోది, స్కానింగ్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. చాక్లెట్ సిస్ట్ స్కానింగ్‌లో కనబడుతుంది. పొత్తికడుపు గోడ మీద ఆవగింజల్లా అంటుకున్నవి కనబడకపోవచ్చు. ఒకప్పుడు కడుపులో కెమెరా పెట్టి చూస్తే తప్ప నిర్ధారణ కాదనేవారు. యూరప్ వైద్య నిపుణుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు అంతదాకా ఆగనక్కర్లేదన్నాయి. లక్షణాలు చూసి అనుమానం ఉంటే మందు మొదలుపెట్టవచ్చు. పెళ్లికాని అమ్మాయికి హార్మోన్ మాత్రలేమిటని ఇంట్లో పెద్దవాళ్లు బెదురుతారు. అవి గర్భం కోసమో గర్భం వద్దనో ఇస్తున్నవి కావు. నేను చెప్పిన ఆ కుయ్యిమనే మైకును ఆపడానికి ఇస్తున్నవి. ఏ మాత్ర, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి, నేను కాదు, మన గ్రూపు అడ్మిన్ కూడా కాదు.

మూడోది మగవాళ్లకు. తొమ్మిది, పది తరగతుల్లో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు చాలా బళ్లల్లో "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేయడం రివాజు. ఇంటి దగ్గర మనం ఏం చదివామో మనకు తెలుసు. ఆ దాటేసిన పాఠం తర్వాత భర్తలుగా, తండ్రులుగా, ఆఫీసులో పై అధికారులుగా మన దగ్గరికి తిరిగి వస్తుంది. భార్య నొప్పి అంటే నమ్మాలి. కోడలికి పిల్లలు లేరంటే ఊరుకోవాలి. సెలవు అడిగిన ఉద్యోగినిని ఎందుకని గుచ్చి గుచ్చి అడగకూడదు. వీటికి జన్యుశాస్త్రం అక్కర్లేదు.

నాలుగోది మన సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవానికి గుర్తుగా ఆర్చి కట్టాలా, గడియార స్తంభం కట్టాలా అని కమిటీలో చర్చ నడుస్తోందని విన్నాను. రెండూ కట్టండి, డిజైను నేను ఉచితంగా వేసిస్తాను. దానితో పాటు బడిలో అమ్మాయిల కోసం ఒక చిన్న గది కావాలి. ఒక మంచం, ఒక ఫ్యాను, వేడినీళ్ల సంచి, పక్కనే నీళ్లు వచ్చే శుభ్రమైన టాయిలెట్. లోపలి నుంచి గొళ్లెం పెట్టుకునే తలుపు. మైదానం పక్కన వాడకుండా పడి ఉన్న స్టోర్ రూము దానికి సరిపోతుంది. నిన్న టేపుతో కొలిచి చూశాను. ఏడాదికి ఒకసారి మన బ్యాచ్‌లలోని డాక్టర్లలో ఒకరు వచ్చి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి, ఒక గంట మాట్లాడాలి. టీచర్లు ఒక్క పని చేయండి చాలు. ప్రతి నెలా అదే రెండు రోజులు రాని అమ్మాయి రిజిస్టరులో కనబడితే తల్లిదండ్రులను పిలిచి "మీ పాప చదువు ఎగ్గొడుతోంది" అనకుండా, "ఒకసారి డాక్టరుకు చూపించండి" అనండి.

ఇందులో మందు లేదు, ఆపరేషన్ లేదు. కానీ పదిహేడేళ్లు రెండేళ్లు కావడానికి ఇది సరిపోవచ్చు. ముంబైలోని జాతీయ ప్రజనన, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు మన దేశంలోని రోగుల మీద పెద్ద అధ్యయనం చేపట్టారు. ఊడ్చేవాళ్లను మళ్లీ దారిలో పెట్టే మందు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, శాస్త్రం ఆ పని చేసుకుంటుంది. అందాకా చేయాల్సిన పని మనది, దానికి కావలసినవి ఒక గదీ, ఒక గంటా, ఒక మంచి మాటా.

గదికి కావలసిన ఖర్చు వివరం ఒక పేజీలో రాసి కోశాధికారిగారికి ఇచ్చాను. ఫ్యాను మా బ్యాచ్ తరఫున. మిగతావి మీరు పంచుకోండి.